నావలపాడులో సొంతవాడెవడు?

ఒకానొక చిన్న రాజ్యం సముద్రపు ఒడ్డున ఉండేది. ఎంత చిన్నదంటే, రాజుగారు పొద్దున్నే ఏనుగెక్కి షికారుకు బయలుదేరితే మధ్యాహ్న భోజనం వేళకు పొరుగు రాజ్యంలో తేలేవారు. అయినా ఆ రాజు ఉద్దండరాయలు ఏనాడూ తనను తాను తక్కువ అనుకున్నవాడు కాదు. ఆయన మీసాలకు నూనె రాయడానికి ఒకడు, దువ్వడానికి ఒకడు, దువ్విన మీసం భేషుగ్గా ఉందని చెప్పడానికి మరొకడు ఉండేవారు.

ఆ రాజ్యానికి ఉన్న రేవు ఒక్కటే, నావలపాడు. కోట కూడా అక్కడే. దూరదేశాల ఓడలు గాలి మళ్లేదాకా ఆ రేవులో ఆగేవి. అలా ఆగినవాళ్లలో కొందరు గాలి మళ్లినా వెళ్లలేదు. అరబ్బు గుర్రాల వర్తకులు, తమిళ పడవవాళ్లు, కన్నడ గానుగవాళ్లు, గుజరాతీ పత్తి వ్యాపారులు తలా ఒక వీధిలో దిగారు. పిల్లల్ని కన్నారు. ఆ పిల్లలు పక్క వీధుల పిల్లల్ని పెళ్లాడారు. చివరికి ఏ వీధి ఎవరిదో చెప్పడం పెద్దలకే కష్టమైపోయింది.

ఆ కొలువులో దుబాసీ పేరిందేవి. ఓడలవాళ్ల మాట రాజుకూ, రాజు మాట ఓడలవాళ్లకూ చెప్పడం ఆమె పని. అంతకుముందు ఆ పని ఆమె తండ్రిది. ఆయన పోయాక, ఊళ్లో వినబడే భాషలన్నీ వచ్చిన మనిషి మరొకరు లేక పదవి ఆమెకే దక్కింది. ఆమె పుట్టిన రోజే తల్లి కన్నుమూస్తే, గోడ అవతలి ఇంటి హలీమాబీ తన బిడ్డతో పాటు ఆమెకూ పాలిచ్చి పెంచింది. ఆ హలీమాబీ తాత గుర్రాల ఓడలో వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాడు.

ఒకనాడు ఉద్దండరాయలు రేవువీధిలో ఊరేగుతున్నారు. జనం రెండు వైపులా నిలబడి ఎవరి భాషలో వాళ్లు జేజేలు కొట్టారు. రాజుగారికి ఒక్క ముక్క అర్థం కాలేదు. అవి పొగడ్తలో తిట్లో తెలియక, నవ్వాలో మానాలో తేలక, మీసం మెలేసుకుంటూ కోటకు చేరారు.

మంత్రి సూరప్రగ్గడ అదను కనిపెట్టాడు. గుర్రాలవీధిలోని విశాలమైన ఇళ్ల మీద ఆయనకు ఎప్పటినుంచో కన్ను.

"ప్రభూ, చేలో కలుపు పెరిగితే పైరు దెబ్బతింటుంది. ఈ ఊళ్లో మనవాళ్లెవరో పరాయివాళ్లెవరో తేల్చాలి. ఎవరి తాతముత్తాతలు ఎక్కడివాళ్లో వాళ్లూ అక్కడివాళ్లే. అక్కడికే పంపేద్దాం" అన్నాడు.

రాజుగారికి ఆ మాట నచ్చింది. గురువారం నాటికి పరాయివాళ్లంతా ఊరు వదలాలని ఆజ్ఞ ఇచ్చేశారు.

పేరిందేవి ముఖాన చిరునవ్వు చెదరనీయకుండా లేచి నిలబడింది.

"చిన్న మనవి, ప్రభూ. ఉత్తచేతులతో వెళ్లగొడితే, జనాన్ని పోషించలేక తరిమేశాడని పొరుగు రాజులు అంటారు. బండ్లు కట్టించి, ఓడలు మాట్లాడి, దారి బత్తెం ఇచ్చి పంపితే ఎంత దొడ్డ ప్రభువో అంటారు."

"నిజమే సుమా" అన్నారు రాజుగారు. "ఒక్కడు కూడా కాలినడకన పోకూడదు. నేనే కూర్చుని సాగనంపుతాను."

"ఇంకొక్క సందేహం, మంత్రిగారూ. పరాయివాడు ఇక్కడ ఎన్ని తరాలు ఉంటే మనవాడవుతాడు?"

సూరప్రగ్గడ నవ్వాడు. "తరాలతో పనేముంది? వేపచెట్టు వెయ్యేళ్లు పెరిగినా మామిడికాయ కాస్తుందా?"

"చిత్తం. ఈ నియమం అందరికీ ఒకటేగా?"

"అందరికీ ఒకటే" అన్నారు రాజుగారు, సింహాసనం చేతి మీద గట్టిగా చరిచి.

ఆ సాయంత్రం పేరిందేవి వెళ్లేసరికి హలీమాబీ గడప మీద కూర్చుని ఉంది. పక్కన సగం కట్టిన మూట ఉంది.

"పేరీ, నేను పుట్టింది ఇక్కడ. మా ఆయన్ని మట్టిలో పెట్టింది ఇక్కడ. ఆ దేశంలో గుక్కెడు నీళ్లిచ్చే మనిషి కూడా నాకు తెలియదు. ఎక్కడికి పొమ్మంటారే నన్ను?" అంది ముసలమ్మ.

పేరిందేవి ఆమె చేయి పట్టుకుని కూర్చుంది. అప్పుడు మూట విప్పేసి, గుడ్డలు తీసి దండెం మీద వేసింది.

"నువ్వెక్కడికీ పోవు, అమ్మా. గురువారం మాత్రం మంచి చీర కట్టుకుని వరసలో మొదట నిలబడు."

"నిలబడి ఏం చెప్పను?"

"నిజమే చెప్పు."

తర్వాత ఆమె వీధి వీధీ తిరిగింది. ఒక్క పరాయివాళ్ల ఇళ్లకే కాదు, ఎప్పటినుంచో ఇక్కడివాళ్లమే అనుకునే ఇళ్లకూ వెళ్లింది. ముసలి జాలరి పోలయ్య, "మాకేం భయం తల్లీ, మేం ఈ ఊరివాళ్లమే కదా" అన్నాడు.

"మీ ఇలవేల్పుకు మొక్కు ఎక్కడ తీరుస్తారు, పోలయ్యా?"

"అది కళింగంలో ఉందమ్మా. మా ముత్తాత అక్కణ్నుంచే వల భుజానేసుకుని వచ్చాడంట."

"ఆ ముక్కే రాజుగారి ముందు చెప్పు. అబద్ధం ఒక్కటీ వద్దు. నిజాన్ని మాత్రం సగంలో ఆపొద్దు."

గురువారం పొద్దున కోట ముందర పందిరి కింద రాజుగారు కొలువుదీరారు. బండ్లు బారులు తీరాయి. హలీమాబీ ముందుకొచ్చి, తాతది అరబ్బు దేశమని చెప్పింది. ఓడ ఎక్కేవాళ్ల వైపు నిలబెట్టమన్నాడు మంత్రి. పడవవాళ్లు వచ్చారు, గానుగవాళ్లు వచ్చారు. మంత్రి ముఖం వెలిగిపోతోంది.

తర్వాత పోలయ్య వచ్చాడు, తన వీధినంతా వెంటబెట్టుకుని. కళింగం అన్నాడు. కుమ్మరులు వచ్చి తమది కన్నడసీమ అన్నారు. రైతులు వచ్చి, ఏదో కరువులో తమ పెద్దలు కృష్ణ ఒడ్డు నుంచి వలస వచ్చారన్నారు. గుళ్లో పూజారి వచ్చి, విభూతి సరిచేసుకుంటూ తమది కంచి అన్నాడు. వరస తరగడం లేదు. మంత్రి ముఖంలో వెలుగు మాత్రం తరుగుతోంది.

ఇంతలో రాజుగారి వంటవాడు గరిటె పక్కన పెట్టి వరసలోకి వచ్చాడు. వాడిది పాండ్యదేశం. మావటివాడు అంకుశం అప్పగించి వచ్చాడు. వాడిది మలయాళం. మీసాలకు నూనె రాసేవాడు, "సెలవు ప్రభూ, మాది మాళవం" అని గిన్నె కింద పెట్టాడు. వింజామరలు విసిరేవాళ్లూ వాడి వెనకే నడిచారు. రాజుగారి నుదుట చెమట పట్టింది, తుడిచేవాడు లేడు.

"ప్రగ్గడా, ఏమిటిది?" అన్నారు ఆయన.

"చివరికొచ్చాం ప్రభూ" అంది పేరిందేవి. "మంత్రిగారూ, అడగడం మరిచాను. తమరిది ఏ వంశం?"

ఆ ప్రశ్న ఎవరు అడిగినా సూరప్రగ్గడకు రొమ్ము ఉప్పొంగుతుంది. "మాది సామాన్యమైన వంశమా? గంగాతీరం. సాక్షాత్తూ కాశీక్షేత్రం నుంచి మా పూర్వులు..." అంటూ సగంలో ఆగి నాలుక కరచుకున్నాడు.

"కాశీ బండి ఇటు తెండి" అంది పేరిందేవి. "దారి దూరం. మంత్రిగారికి బత్తెం కాస్త ఎక్కువ కట్టండి."

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. రాజుగారు నవ్వలేదు.

"అయితే ఈ ఊరి సొంతవాడు ఒక్కడూ లేడా?"

"లేకేం ప్రభూ, ఒకడున్నాడు. పిలిపించాం."

పోలయ్య ఒక బుట్ట తెచ్చి రాజుగారి ముందు బోర్లించాడు. అందులోంచి ఎర్రటి ఇసుకపీత ఒకటి బయటపడి కొండీలు పైకెత్తింది.

"వీడి తాతముత్తాతలు ఈ ఇసుకలోనే పుట్టారు, ఈ ఇసుకలోనే పోయారు. అసలు సిసలు నావలపాడువాడు. నడక కాస్త పక్కవాటం. పన్ను అడిగితే కన్నంలో దూరతాడు. ఇకమీద తమరు ఏలుకోవలసిన ప్రజ వీడే, ప్రభూ."

పీత మంత్రిగారి వైపు పరుగెత్తింది. ఆయన బండెక్కి కూర్చున్నాడు. రాజుగారి పెదవి అదిరింది కానీ, బింకం సడలలేదు.

"నన్ను మరిచావు దుబాసీ. ఈ నేల నాది. నేను ఇక్కడివాణ్నే" అన్నారు కళ్లెర్రజేసి.

పేరిందేవి హలీమాబీ వైపు ఒకసారి చూసి, తొణకకుండా చేతులు జోడించింది.

"తమరిని మరవగలమా? తమరిది చంద్రవంశమని వందిమాగధులు రోజూ తెల్లవారేసరికి బురుజెక్కి చాటుతున్నారు. తాతముత్తాతలు ఎక్కడివాళ్లో తమరూ అక్కడివారే కదా. చంద్రమండలానికి బండి కడతారా అని బండివాళ్లందరినీ అడిగి చూశాను. ఎక్కుడు దారి, పైగా ఎద్దులకు మేత దొరకదు అన్నారు. తమరి ప్రయాణం ఒక్కటే అందుకని ఆలస్యమైంది. మన్నించాలి."

రాజుగారు ఆమెను చూశారు, పీతను చూశారు, బండిలో ముడుచుకున్న మంత్రిని చూశారు. తల ఎత్తి ఆకాశం కేసి చూశారు. ఆయన పొట్ట మెల్లగా కదలడం మొదలెట్టింది. ఆ కదలిక భుజాలకు పాకి, మీసాలకు పాకి, చివరికి పందిరి అదిరేలా నవ్వయి బయటికొచ్చింది.

"అందరికంటే దూరం నుంచి వచ్చిన పరాయివాణ్ని నేనేనన్నమాట" అన్నారు కళ్లు తుడుచుకుంటూ. "బండ్లు విప్పండి. ఎవరి ఇల్లు వాళ్లదే. బత్తెం బియ్యమంతా ఈ పూట ఇక్కడే వండించండి, ఊరంతా భోంచేస్తుంది. ప్రగ్గడా, కాశీ తర్వాత వెళుదువుగానీ, దిగి వడ్డించు."

తన మెడలోని ముత్యాల పేట తీసి పేరిందేవికి అందించారు. ఆమె కళ్లకద్దుకుని, "ఇవి సింహళపు ముత్యాలు ప్రభూ. ఉండనిస్తారా, తిప్పి పంపమంటారా?" అంది.

"ఉండనీ. నీ దగ్గర సుఖంగా స్థిరపడతాయి" అన్నారు రాజుగారు, మళ్లీ నవ్వుతూ.

పేరిందేవి పంక్తుల మధ్య నుంచి వెళ్లి ఆ పేట హలీమాబీ మెడలో వేసింది. ముసలమ్మ దాన్ని ఒకసారి తడిమి చూసుకుని, తన పక్కన ఆకు ముందు చోటు చూపించింది.

"పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు నువ్వు. కూర్చో" అంది.