ఊఁ కొట్టిన ఉమాపతి

గోదావరి కాలువ పక్కన ఒక చిన్న పట్నంలో, ఎవరేం చెప్పినా వినకుండానే "ఊఁ" కొట్టే ఉమాపతి అనే బట్టల కొట్టు యజమాని ఉండేవాడు.

కథ వినేటప్పుడు ఊఁ కొట్టాలని మన పెద్దవాళ్లు అలవాటు చేశారు. వినేవాడు నిద్రపోలేదని చెప్పేవాడికి తెలియాలి కదా, అందుకు. ఉమాపతి ఊఁ అలాంటిది కాదు. అది ఎదుటివాడి మాట తొందరగా ముగించడానికి. ఎరుపు అంచు చీర తీసి ఉంచమంటే ఊఁ అనేవాడు, తీరా వాళ్లు వచ్చేసరికి దాన్ని ఇంకెవరికో అమ్మేసి ఉండేవాడు. వచ్చేటప్పుడు పసుపు తెమ్మంటే ఊఁ అనేవాడు, ఉత్త చేతులతో ఇంటికొచ్చేవాడు. అతను చెడ్డవాడేమీ కాదు. మనసు ఎప్పుడూ మరెక్కడో తిరుగుతుండేది, అంతే. ఊళ్లోవాళ్లయితే అతన్ని నెమ్మదస్తుడనేవారు. పాపం, దేనికీ కాదనడు అనేవారు. కాదనడానికైనా ముందు వినాలని ఎవరికీ తట్టలేదు.

భార్య రత్నం కొత్తలో పోట్లాడింది. తర్వాత, గోడకు చెప్పుకున్నా ఒకటే, ఈయనకు చెప్పుకున్నా ఒకటే అని ఊరుకుంది. ఎనిమిదేళ్ల కూతురు చిత్ర మాత్రం దాన్నొక ఆట చేసుకుంది.

"నాన్నా, మన మంచం కింద ఏనుగు పడుకుంది" అనేది.

"ఊఁ" అనేవాడు.

"చలేస్తోందంటే నీ లుంగీ కప్పాను."

"ఊఁ."

ఇంట్లోవాళ్లంతా పొట్ట పట్టుకుని నవ్వేవారు. ఎందుకో తెలియకుండానే ఉమాపతి కూడా నవ్వేవాడు. నవ్వుకోవడానికి పనికొచ్చే తప్పును ఎవరు మాత్రం దిద్దుతారు? అలా ఆ అలవాటు ముదిరిపోయింది.

ఒక వేసవి సెలవుల్లో రత్నం తమ్ముడు అబ్బులు వాళ్లను తన ఊరికి పిలిచాడు. గోదావరి పాయ ఒకటి సముద్రంలో కలిసే చోట, మొగ ఒడ్డునే అతని ఊరు. మొగకు కాస్త ఎగువన, ఏటి నడుమ కొంగలతిప్ప అని ఒక దీవి ఉంది. దాని చుట్టూ ఉప్పునీటి బురదలో పెరిగే మడచెట్లు, మధ్యలో ఇసుక. మనుషులెవరూ ఉండరు. తన పడవ మీద అందరినీ అక్కడికి తీసుకెళతాననీ, బావగారు కడుపునిండా చేపలు పట్టుకోవచ్చుననీ, చిత్రకు నీటికుక్కలను చూపిస్తాననీ అబ్బులు కబురు చేశాడు.

నీటికుక్కలంటే మొరిగే కుక్కలు కావు. నున్నని ఒంటితో ఏట్లో ఈదుతూ, చేపలు పట్టి తింటూ, పిల్లలను వెంటేసుకుని ఒడ్డున దొర్లే జంతువులు. చిత్రకు ఇక అదే ధ్యాస. బస్సులో దారి పొడుగునా వాటి గురించే మాట్లాడింది. వాటిని నాన్నతో కలిసి చూడాలని ఆ పిల్ల కోరిక.

"నువ్వూ మాతో వస్తావు కదా నాన్నా?" అని అడిగింది.

ఉమాపతి ఊఁ అన్నాడు. అప్పుడతను కొత్తగా కొన్న గేలం కర్ర గురించి ఆలోచిస్తున్నాడు.

ఊరు చేరిన మర్నాడు తెల్లారాక నలుగురూ పడవెక్కారు. అబ్బులు తెడ్డు వేస్తూ నోటికి తాళం లేకుండా మాట్లాడాడు. చిన్నప్పుడు అక్క తనను వీపు మీద మోసుకుని ఇదే ఏరు దాటించేదని చిత్రకు చెప్పాడు. బావను ఆట పట్టించడం కూడా అతనికి సరదా.

"పెళ్లిలో తాళి కట్టమన్నప్పుడు కూడా మీరు ఊఁ అనే కట్టేశారండి బావగారూ. కూర్చున్నది మా అక్కో కాదో చూసుకున్నారో లేదో మరి."

రత్నం పకపకా నవ్వింది. ఉమాపతి ఊఁ అన్నాడు. దాంతో చిత్ర, అబ్బులు కూడా నవ్వారు, వాళ్లను చూసి ఉమాపతీ నవ్వాడు. వాళ్లు నలుగురూ కలిసి నవ్వుకోవడం అదే ఆఖరు.

వాళ్లు తిప్ప చేరేసరికి సముద్రం పోటు మొదలైంది, ఏట్లోకి నీళ్లు ఎక్కుతున్నాయి. అబ్బులు పడవ ముక్కును బురద మీదికి ఎక్కించి నిలిపాడు. ఇసుకలో కూర్చుని అందరూ తెచ్చుకున్న ఇడ్లీలు తిన్నారు. ఎర్రపీతలు బొరియల్లోంచి తొంగి చూసి, మనిషి కదిలితే లోపలికి దూరిపోతున్నాయి. మడచెట్ల మీద కొంగలు బారులు తీరి ఉన్నాయి. చిత్ర మామయ్య చెయ్యి పట్టుకుని లాగసాగింది. నీళ్లు బాగా ఎక్కితే నీటికుక్కలు కనిపించవని అతనే చెప్పాడు మరి.

వెళ్లబోతూ అబ్బులు ఆగాడు. అప్పుడతని గొంతులో హాస్యం లేదు.

"బావగారూ, ఇది వినండి. పడవ ఇప్పుడు బురద మీద కూర్చునుంది. నీళ్లెక్కి అది లేచీ లేవగానే లంగరు నీళ్లలోకి దింపేయండి. పడవ తాడు ఈ మడచెట్టు మొదట్లో కట్టండి. పోటు ఆగి నీరు మళ్లీ సముద్రంలోకి తీయడం మొదలైతే ఏరు దేన్నీ ఆగనివ్వదండి."

సరిగ్గా అప్పుడే ఒడ్డుకు దగ్గరలో ఒక పెద్ద చేప ఎగిరి పడింది. ఉమాపతి కళ్లు అటు పోయాయి. కళ్లతోపాటే చెవులూ పోయాయి.

"ఊఁ" అన్నాడు.

బావ సంగతి అబ్బులుకు తెలియనిది కాదు. అయినా పడవ మాట కదా, విని ఉంటాడనుకున్నాడు. చిత్ర నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, రమ్మని తండ్రిని పిలిచింది. ఉమాపతి దానికీ ఊఁ అన్నాడు గానీ కదలలేదు. ఆ పిల్ల కాసేపు నిలబడి చూసి, తల్లి వెంట చెట్లలోకి వెళ్లిపోయింది.

ఉమాపతి గేలానికి రొయ్యను గుచ్చి నీళ్లలోకి విసిరాడు. ఎండ ఎక్కింది. నీళ్లు పాదాలు దాటి పిక్కల దాకా వచ్చాయి. వెనకాల పడవ బురదను వదిలి పైకి లేచి, ఒకసారి కిర్రుమంది. ఆ చప్పుడు అతనికి వినబడింది, అందరి మాటలూ వినబడినట్టే.

కొంతసేపటికి రత్నం చెట్లలోంచి బయటికొచ్చి, దూరం నుంచే కేకేసింది.

"ఏమండీ, లంగరు దింపి పడవ కట్టేశారా? తమ్ముడు అడిగి రమ్మన్నాడు."

అప్పుడే దారం బిగుసుకుంది. చేతిలో కర్ర విల్లులా వంగింది. అవతల పడింది పండుగప్ప అని ఉమాపతికి అర్థమైపోయింది. గోదావరి వాళ్లకు ఆ చేప ఎదురుగా ఉంటే ఇంకేమీ కనబడదు.

"ఊఁ" అన్నాడు గట్టిగా.

కట్టేశారట అని రత్నం వెళ్లి తమ్ముడితో చెప్పింది. అబ్బులు నిశ్చింతగా అక్కడే ఉండిపోయాడు. నీటికుక్క ఒకటి పిల్లలను ఒక్కొక్కటిగా నోట కరుచుకుని ఏరు దాటించడం వాళ్లు ముగ్గురూ చూశారు. ఊపిరి బిగబట్టి, ఒకళ్ల చెయ్యి ఒకళ్లు పట్టుకుని చూశారు. ఇక్కడ ఉమాపతి చేపతో పెనుగులాడుతున్నాడు. ఆ పెనుగులాటలోనే పోటు ఆగింది, నీరు తీయడం మొదలైంది.

చివరికి అతను చేపను ఒడ్డుకు లాగాడు. అది చిత్ర నడుము దాకా వచ్చేంత చేప. దాన్ని రెండు చేతులా ఎత్తి, పడవలో వేద్దామని వెనక్కి తిరిగాడు. పడవ లేదు. అది ఏటి నడుమ, అడ్డంగా తిరిగి, మెల్లగా మొగ వైపు పోతోంది. లంగరు పడవ ముక్కు మీదే, చుట్టిన తాడు పక్కన, పొద్దున ఉన్నట్టే ఉండటం అతనికి స్పష్టంగా కనిపించింది. కాసేపటికి పడవ ఇంకాస్త తిరిగింది, లంగరు కనబడకుండా పోయింది.

అతని కేకకు మిగతావాళ్లు పరుగెత్తుకొచ్చారు. తాగే నీళ్లు పడవలో ఉన్నాయి. ఫోన్లూ అందులోనే ఉన్నాయి. అబ్బులు కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఏటిని చూశాడు. దిగువన, పడవ పోయే దారిలో, నీటి కింద ఒక ఇసుక మేట ఉంది. లంగరు నీళ్లలో వేలాడుతుంటే ఆ మేటకు తగులుకుని పడవ ఆగిపోతుంది. మేట దాకా ఈదడం అబ్బులుకు కష్టం కాదు. లంగరు వేయకపోతే మాత్రం పడవ మేట మీదుగా జారి మొగలోకి పోతుంది. అక్కడ మనిషికి పట్టు దొరకదు. ఇదంతా అతను అక్కకు వివరంగా చెప్పి, బావ వైపు తిరిగాడు.

"తాడు కట్టకపోయినా పర్లేదండి. లంగరు నీళ్లలోకి దింపారా లేదా, అది చెప్పండి చాలు. దింపకపోతే పడవ పోతే పోయింది. సాయంత్రం వలపడవలొస్తాయి, వాళ్లతో పోదాం."

ఈసారి ఉమాపతి ప్రతి అక్షరమూ విన్నాడు. రత్నం అతని ముఖంలోకి చూస్తోంది. చిత్ర చూస్తోంది. చేతుల్లో చేప ఇంకా కొట్టుకుంటోంది. లేదు అనాలి, అంతే. నాలుక దాకా వచ్చింది. కానీ ఇంతమంది ముందు తప్పు ఒప్పుకోవడానికి సిగ్గు అడ్డొచ్చింది. ఆ సందులోంచి ఏళ్ల తరబడి అలవాటైన మాట జారి పడింది.

"ఊఁ" అన్నాడు.

"అయితే మేట దగ్గర ఆగిపోద్దండి. ఇట్టే తెచ్చేస్తాను" అని అబ్బులు చొక్కా విప్పి చిత్ర చేతిలో పెట్టాడు. తడవకుండా పట్టుకోమన్నాడు.

అతను బారలు వేస్తూ చకచకా పోయాడు. ఉమాపతి ఒడ్డున నిలబడి, పడవ దానంతటదే ఎక్కడైనా ఆగాలని దేవుళ్లందరికీ మొక్కుకున్నాడు. మొక్కులకు తెరిచిన నోరు నిజం చెప్పడానికి మాత్రం తెరవలేదు. అబ్బులు మేట చేరి నడుము లోతు నీళ్లలో నిలబడ్డాడు. వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. పడవ వచ్చింది. ఆగకుండా మేట మీదుగా జారింది. చెయ్యి చాపితే అందేంత దగ్గరగా జారింది. ఆగుతుందని నమ్మినవాడు కదా, దాని మీదికి దూకాడు. అంచు అందలేదు. కాళ్ల కింద మేట అయిపోయింది.

అప్పుడు అరిచాడు ఉమాపతి.

"అబ్బులూ, నేను లంగరు దింపలేదు. పడవ ఆగదు. వెనక్కి వచ్చెయ్."

మొగ హోరులో ఆ మాట అబ్బులు చెవిదాకా చేరలేదు. పక్కనున్న రత్నానికి మాత్రం వినబడింది. ఆమె మొగుడి వైపు తిరిగి చూసింది. మళ్లీ ఏటి వైపు చూసేసరికి తమ్ముడి తల కనబడుతోంది. కాసేపు కనబడుతూ, మునుగుతూ ఉంది. ఆ తర్వాత నీళ్లే మిగిలాయి.

సాయంత్రం వలపడవల వాళ్లు ముగ్గురినీ ఒడ్డుకు చేర్చారు. అబ్బులు పడవ అవతలి ఒడ్డున ఇసుకకు తట్టుకుని దొరికింది. దానికి చిన్న గీత కూడా పడలేదు. లంగరు పొడిగా ఉంది. అబ్బులును మాత్రం మర్నాడు సముద్రం ఒడ్డున వేసింది.

ఇంటి దగ్గరున్న రత్నం తల్లికి ఒకటే అంతుబట్టలేదు. ఈ ఏటి ఒడ్డునే పుట్టి పెరిగినవాడు, నీరు తీసేవేళ మొగకు ఎదురుగా ఎందుకు దిగాడు? వచ్చినవాళ్లందరినీ అదే అడిగింది. రత్నం తనకు తెలిసినా చెప్పలేదు. మీరే చెప్పండి అన్నట్టు భర్త ముందు నుంచి పక్కకు తప్పుకుంది. జనమంతా చూస్తుండగా ఉమాపతి జరిగింది జరిగినట్టు చెప్పాడు.

"నీ మాట నమ్మి దిగాడా బాబూ నా బిడ్డ?" అని అడిగింది ముసలావిడ.

ఆ ప్రశ్నకు ఊఁ అనే మాటే నిజమైన జవాబు. బతుకంతా అడ్డమైనదానికీ ఊఁ కొట్టినవాడికి, అప్పుడు మాత్రం అది గొంతు దాటలేదు. ఆమె కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చాడు.

ఆ తర్వాత ఉమాపతి మారాడు. ఎవరేం చెప్పినా చేతిలో పని పక్కన పెట్టి, చెప్పేవాళ్ల ముఖం చూసి, వాళ్ల మాట వాళ్లకే తిరిగి అప్పజెప్పి, అప్పుడు జవాబిచ్చేవాడు. రత్నం అతనికి అన్నం పెట్టేది, నీళ్లు పెట్టేది, అవసరమైన మాట మాట్లాడేది. అంతకు మించి ఏమీ చెప్పేది కాదు. అబ్బులు చొక్కాను చిత్ర ఎవరికీ ఇవ్వలేదు. మడతపెట్టి తన పుస్తకాల అడుగున దాచుకుంది.

ఒక సాయంత్రం ఉమాపతి ఉండబట్టలేక కూతురిని పిలిచాడు. ఏనుగు మంచం కిందే ఉందా అని అడిగాడు. ఈసారి జవాబు కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాడు.

చిత్ర చదువుతున్న పుస్తకంలోంచి తల ఎత్తకుండా, "ఊఁ" అంది.

పిల్లలూ, వినని మాటకు ఊఁ కొట్టడం అబద్ధమాడటమే. తప్పు జరిగినప్పుడు లేదు అని చెప్పలేని నోరు, తనను నమ్మినవాళ్ల ప్రాణానికే ముప్పు తెస్తుంది.