గవిరయ్య తెంపుకున్న కూత

కొండలకి ఇంకా పేర్లు పెట్టని కాలంలో, ఒక ఊళ్లో గవిరయ్య అని ఒకడుండేవాడట. బావిలో పడ్డ బిందెలు తీసిపెట్టడం వాడి పని. వాడు మునిగితే గట్టుమీద ఆడవాళ్లు "ఇంక రాడమ్మా" అని గుండెలు పట్టుకునేవాళ్లు. బిందె ముందు పైకొచ్చేది, వాడు తర్వాత వచ్చేవాడు. అంత ఊపిరి ఎక్కడ దాచుకున్నాడో నాకైతే ఇప్పటికీ వింతే.

వాడికి ఒకటే కోరిక. కోట జట్టులో చెడుగుడు ఆడాలి. ఆ జట్టువాళ్లు నడుముకి ఎర్ర దట్టీ కట్టేవారు. దట్టీ కట్టినవాణ్ణి ఊరంతా 'గారు' అని పిలిచేది.

వాడి పెళ్లాం పైడమ్మ నవ్వేది. "నువ్వు కూతకెల్తే అవతలోళ్లు బిందెలట్టుకొస్తారు, తీసిపెట్టమని!"

ఒక ఏడు, ఊళ్ల మధ్య ఏటేటా జరిగే పెద్దాట ముందర కోట జట్టులో ఒకడికి కాలు విరిగింది. జట్టుపెద్ద గవిరయ్య గుమ్మంలోకి వచ్చాడు.

"ఒరే, ఆడతావా? గెలిస్తే దట్టీ నీదే. ఓడితే విప్పి ఇచ్చెయ్యాలి."

"ఆడతాను బాబూ" అన్నాడు గవిరయ్య.

పెద్దాట రోజు దట్టీ కట్టుకుని మొదటిసారి కూతకెళ్లాడు. ఇద్దర్ని ముట్టుకుని తిరిగొచ్చాడు. కూత తెగలేదు.

రెండోసారి వెళ్లాడు. ముగ్గురు కాళ్లు పట్టారు. ముగ్గుర్నీ ఈడ్చుకుని గీత దాటాడు. కూత తెగలేదు. జనం "గవిరయ్యగారూ!" అని కేకలు పెట్టారు. పైడమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మూడోసారి వెళ్లాడు. అదే ఆఖరు కూత. అవతలి జట్టంతా కుప్పగా మీదపడింది. చెడుగుడు చెడుగుడు అంటూ ఇసుకలో పాకుతున్నాడు. గీత ఇంకా బారెడు దూరం.

అప్పుడు తన కింద ఒక ఒళ్లు తగిలింది. అవతలి జట్టు లచ్చన్న. ముఖం ఇసుకలో కూరుకుపోయి ఉంది. ఊపిరి లేదు. పైవాళ్లకి తెలీదు, చూసేవాళ్లకి తెలీదు. గవిరయ్యకి తెలిసింది. బావుల్లోంచి బిందెల్నే కాదు, మనుషుల్నీ తీసిన ఒళ్లు కదా అది.

కూత ఆగేదాకా పైవాళ్లు లేవరు. అది ఆట. గీతదాకా పాకితే దట్టీ తనది. పాకేలోపు ఈ మనిషి ఉండడు.

కూత తెగింది. తనే తెంపుకున్నాడు.

"లెగండ్రా! కింద మడిసి పోతన్నాడు!"

లచ్చన్నని మోకాలిమీద బోర్లా వేసి, నోట్లో ఇసుక తీసి, వీపుమీద చరిచాడు. ఒకసారి చరిచాడు. రెండోసారి చరిచాడు. మూడోసారికి లచ్చన్న దగ్గి కళ్లు తెరిచాడు.

"గెలిచామా?" అన్నాడు.

"గెలిచారు నాయనా" అన్నాడు గవిరయ్య.

జట్టుపెద్ద తల దించుకుని చెయ్యి చాపాడు. "కూత తెగితే తెగినట్టేరా." గవిరయ్య దట్టీ విప్పాడు. ఇసుక దులిపి, మడిచి ఇచ్చాడు. మళ్లీ వాణ్ణి ఎవరూ ఆటకి పిలవలేదు. బావుల్లో దిగుతూనే ముసలివాడై పోయాడు. పాడె మొయ్యడానికి లచ్చన్న వచ్చాడు, వెనకాల అతని జట్టంతా వచ్చింది. గవిరయ్య చనిపోయిన ఆ ఏటి పెద్దాటలో గీత దగ్గర నిలబడి లచ్చన్నే ఈ సంగతంతా అందరికీ చెప్పాడట.

ఇప్పటికీ ఆ వైపు చెడుగుడు ఆడేటప్పుడు, కుప్పకింద ఎవడైనా అల్లాడితే "గవిరయ్యా!" అని ఒక్క కేక వేస్తారు. కూత పెట్టినవాడు కూత వదిలేస్తాడు. పట్టినవాళ్లు పట్టు వదిలేస్తారు. కిందివాణ్ణి లేపి, నీళ్లు తాగించి, ఊపిరి కుదురుకునేదాకా రెండు జట్లూ చుట్టూ కూర్చుంటాయి. ఆ కూతకి గెలుపూ లేదు, ఓటమీ లేదు. మళ్లీ మొదట్నుంచి ఆడతారు.