మెరుపురేఖ ఎందుకు వెళ్లింది?

హనుమకొండలో శశాంక్ అనే తొమ్మిదో తరగతి కుర్రాడు ఉండేవాడు. ఎవరు ఏ పని చేసినా, ఎందుకు చేశారో వాళ్లకంటే తనకే బాగా తెలుసనుకునేవాడు. ఎవరైనా కారణం చెప్పబోతే "తెలుసులే" అని మధ్యలోనే అడ్డుపడేవాడు.

ఆదివారం ఉదయం వాళ్ల కాలనీ గ్రంథాలయంలో పిల్లలు చేరి కామిక్స్ చదివేవారు. ఆ ఏడాది వాళ్లందరికీ ఒకటే పిచ్చి. ఇన్నాళ్లూ వేరువేరు పుస్తకాల్లో ఉన్న గగనదళం, పాతాళదళం అనే రెండు వీరుల జట్లు ఇప్పుడు ఒకే కథలో తలపడుతున్నాయి. నెలకొక సంచిక వచ్చేది. మూడో సంచిక చివరి పేజీలో ఎవరూ అనుకోనిది జరిగింది. గగనదళంలో పిల్లలందరికీ ఇష్టమైన మెరుపురేఖ, ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్లి పాతాళదళం పక్కన నిలబడింది.

ఇక గ్రంథాలయంలో ఒకటే గోల.

"వాళ్లలో కలిసిపోయి గుట్టు తెలుసుకోవడానికి వెళ్లి ఉంటుంది" అన్నాడు భార్గవ్.

"రెండో సంచిక మళ్లీ చూడండి" అంది రుఖియా. "గగనదళం నాయకుడు పాతాళదళం వాళ్ల సొరంగం మూసెయ్యమన్నాడు. లోపల మామూలు జనం కూడా ఉన్నారు కదా? ఆ బొమ్మలో మెరుపురేఖ ఒక్కతే నాయకుడి వైపు చూడటం లేదు."

అందరూ ఆ పేజీ మీదికి వంగారు. నిజమే, ఆమె చూపు సొరంగం వైపే ఉంది. ఎవరూ అది గమనించలేదు.

"అదేం కాదు" అన్నాడు శశాంక్. "తనని నాయకురాలిని చెయ్యలేదని కోపం. పచ్చి ద్రోహం. అంతే."

గ్రంథాలయం చూసుకునే విమలా మేడం ఇదంతా విని నవ్వింది. "ఇంత ఉత్సాహం ఉంటే అందరి ముందూ మాట్లాడండి. వచ్చే ఆదివారం డిబేట్ పెడదాం. మీ అమ్మానాన్నల్ని కూడా పిలుద్దాం" అంది. మెరుపురేఖ చేసింది ద్రోహమేనని శశాంక్, రుఖియా వాదించాలి. కాదని భార్గవ్, ఎప్పుడూ ఓ మూలన కూర్చుని చదువుకునే సంయుక్త వాదించాలి. రుఖియాకు మనసులో వేరే అభిప్రాయం ఉన్నా, చిన్నప్పటి స్నేహితుడి పక్కనే ఉందామని ఒప్పుకుంది.

నాలుగు రోజులు గడిచాయి. బడి నుంచి వస్తుంటే రుఖియా సైకిల్ ఆపి, "శశాంక్, నేను సంయుక్తతో కలిసి మాట్లాడతాను. భార్గవ్ నీ వైపు వస్తానన్నాడు. ఎందుకంటే..." అని మొదలుపెట్టింది.

"తెలుసులే" అన్నాడు శశాంక్. "వాళ్ల వాదన బలంగా ఉందని భయపడ్డావు. గెలిచే వైపు వెళ్తున్నావు."

రుఖియా ముఖం చిన్నబోయింది. సైకిలెక్కి వెళ్లిపోయింది. శశాంక్ మాత్రం ఊరుకోలేదు. కనబడిన వాళ్లందరికీ ఆ మాటే చెప్పాడు. చెప్పిన కొద్దీ అది నిజమేనని అతనికి మరింత గట్టిగా అనిపించింది.

ఆదివారం వచ్చింది. గది నిండిపోయింది. శశాంక్ మొదట బాగానే మాట్లాడాడు. చివర్లో మాత్రం గొంతు పెంచి, "జట్టు మారేవాళ్లంతా ఇంతే. గెలుపు ఎటుంటే అటు పోతారు. అలాంటివాళ్లు కథలోనే కాదు, ఈ గదిలో కూడా ఉన్నారు" అన్నాడు.

అందరి కళ్లూ రుఖియా మీద పడ్డాయి. ఇప్పుడు మాట్లాడాల్సింది తనే. కానీ లేవలేకపోయింది. కళ్లనిండా నీళ్లు.

అప్పుడు పక్కనున్న సంయుక్త లేచింది. ఆ పిల్లకు నత్తి. క్లాసులో హాజరు పలకడానికే సిగ్గుపడేది. బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"నే... నేను భయపడి పేరు తీ... తీసేయించుకుందామనుకున్నాను" అంది. "నేను ఆగిపోతే అందుకోవడానికి పక్కనే ఉం... ఉంటానని రుఖియా వచ్చింది. గె... గెలవడానికి కాదు."

ఎవరూ ఆమెను తొందరపెట్టలేదు. సంయుక్త ఊపిరి పీల్చుకుని, అక్కడి నుంచి మెరుపురేఖ గురించి, సొరంగంలోని జనం గురించి తడబడుతూనే చివరిదాకా చెప్పింది. ఆమె తల్లి వెనక వరుసలో లేచి నిలబడి విన్నది.

శశాంక్‌కు తల ఎత్తబుద్ధి కాలేదు. మళ్లీ అతని వంతు వచ్చింది. "మెరుపురేఖ ఎందుకు వెళ్లిందో నాకు తెలియదు" అన్నాడు. "రుఖియా ఎందుకు వెళ్లిందో కూడా తెలియదు. తెలియకుండానే అంత మాట అన్నాను. తప్పు నాదే." వెళ్లి తన చోట కూర్చున్నాడు. గెలుపు ఎవరిదో మేడం చెప్పనవసరం లేకపోయింది.

బయట సైకిళ్ల దగ్గర అతను రుఖియాను ఆపాడు. "ఆ రోజు నువ్వేం చెప్పబోయావు?"

"ఇప్పుడందరికీ తెలిసిపోయిందిగా."

"నువ్వు చెబితే వినాలని ఉంది."

రుఖియా సైకిల్‌కు స్టాండు వేసింది. తర్వాత చెప్పింది. సంయుక్త ఎలా ఏడ్చిందో, శశాంక్‌ను వదిలి వెళ్లడానికి తను ఎంత ఆలోచించిందో, అతను అర్థం చేసుకుంటాడని ఎంత నమ్మిందో, అన్నీ చెప్పింది. శశాంక్ ఒక్కసారి కూడా అడ్డుపడలేదు. అయినా ఆమె కోపం వెంటనే పోలేదు. చాలా ఆదివారాలు వేరే బల్ల దగ్గరే కూర్చుంది.

కొత్త సంచిక వచ్చింది. అందులోనూ మెరుపురేఖ కారణం చెప్పలేదు! పైగా తను వదిలొచ్చిన గగనదళం నాయకుడినే కాపాడబోయి గాయపడింది. మళ్లీ గోల మొదలైంది. అందరూ శశాంక్ ఏమంటాడోనని చూశారు. అతను పేజీ అటూ ఇటూ తిప్పి, "ఏమో, నాకూ అర్థం కాలేదు" అన్నాడు. అవతలి బల్ల వైపు తిరిగి, "రుఖియా, నీకేమనిపిస్తోంది?" అని అడిగాడు.

రుఖియా కుర్చీ లాక్కుని వచ్చి పక్కన కూర్చుంది.

నీతి: కాగితం మీది మనుషుల మనసులో ఏముందో ఎంతైనా ఊహించుకోవచ్చు; మన మధ్య ఉన్న మనిషి ఒక పని ఎందుకు చేసిందో తేల్చేముందు, ఆ మనిషినే అడగాలి, చెప్పేది చివరిదాకా వినాలి.