కీర్తన చదవని వాయి

బ్రదర్ జోరిస్‌కి ఆ స్టీలు డ్రమ్ముని చూస్తేనే ఒళ్లు మండేది.

బెల్జియంలో అడవి పక్కన ఒక చిన్న మఠం. ఉన్నది గుప్పెడుమంది సన్యాసులు. ప్రార్థన చేసుకుంటారు, తోటపని చేసుకుంటారు, కోతల పండక్కి ఊరివాళ్లందరికీ తాము కాచిన బీరు పోస్తారు. సన్యాసులేంటి, బీరేంటి అని ముక్కున వేలేసుకోకండి. మనం పండక్కి పానకం పంచడం ఎలాగో అక్కడ అదీ అలాగే.

బీరు గదికి పెద్ద ఫాదర్ లాంబర్ట్. జోరిస్ ఆయన శిష్యుడు. ఏళ్ల తరబడి ఇద్దరూ కట్టెల పొయ్యి మీద, రాగి కాగులో కాచారు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని బరకగా దంచి వేడినీళ్లలో పోస్తారు. పోస్తూ, తెడ్డుతో కలుపుతూ, ఒక పొడుగాటి కీర్తన చదువుతారు. కీర్తన అయ్యేదాకా తెడ్డు ఆగకూడదు. ఆ మఠానికి గడియారం రాకముందు నుంచీ ఉన్న పద్ధతి అది.

ఆ ఏడు కాగుకి అడుగున చిల్లిపడింది. లాంబర్ట్ గారి భుజం అంతకుముందే పనికిరాకుండా పోయింది. "ఇక చాలు, బీరు పట్నం నుంచి తెప్పించుకుందాం" అన్నారు మఠం పెద్ద. లాంబర్ట్ గారు ఆ ఒక్క పండక్కీ ఆగమని బతిమాలి, ఇళ్లలో బీరు చేసుకునేవాళ్లు వాడే కరెంటు డ్రమ్ము ఒకటి తెప్పించారు. అడుగున హీటరు, పక్కన నీళ్లని కిందినుంచి పైకి తిప్పిపోసే పంపు, లోపల అడుగు జల్లెడలా ఉండే బుట్ట, ముందు అంకెలు కనపడే చిన్న తెర. నానబెట్టడం, వడకట్టడం, మరిగించడం, అన్నీ ఆ ఒక్కదాంట్లోనే.

పండక్కి అందులోంచి మంచి బీరు వస్తే గది నిలుస్తుంది, జోరిస్ చేతికి వస్తుంది. రాకపోతే గదికి తాళమే. జోరిస్‌కి ఆ గదంటే ప్రాణం. అయినా డ్రమ్ముతో మాత్రం సర్దుకోలేకపోయాడు.

"బటన్ నొక్కితే అయిపోయే పనిని సాధన అంటారా గురువుగారూ?" అన్నాడు.

"ముందు ఒక వాయి కాచి చూడు" అన్నారు ఆయన.

సరేనని కాచాడు. తెర మీద అంకెలన్నీ సరిగ్గానే పెట్టాడు. సంచెడు బార్లీ బుట్టలో ఒక్కసారిగా గుమ్మరించి, పంపు వేసి, గొడ్డలి పట్టుకుని బయల్దేరాడు. గుమ్మంలో వంట చూసే బ్రదర్ ఎదురయ్యాడు.

"అదేంటి, కీర్తన చదవలేదే?"

"డబ్బాకి కీర్తనెందుకు? అన్నీ అదే చేసుకుంటుందిగా" అన్నాడు జోరిస్.

పోయి కట్టెలు కొట్టాడు. పొయ్యే లేనప్పుడు ఆ కట్టెలు ఎందుకో అతన్నే అడగాలి.

తిరిగొచ్చి బుట్ట పైకెత్తితే బార్లీ ఉండలు కట్టి ఉంది. పైన తడి, లోపల పొడి. కలిపేవాళ్లు లేక జల్లెడలోంచి దిగిన పిండి హీటరు మీద పేరుకుని నల్లగా పెచ్చు కట్టింది. జోరిస్ డ్రమ్ముని తిట్టుకుంటూ ఆ పెచ్చు గీకి పారేశాడు.

బీరు పులిసింది, తేరుకుంది. మూత తీస్తే మాడు వాసన, అడుగంటిన పాయసంలాగా. జోరిస్ మొహం వెలిగిపోయింది. నవ్వు ఆపుకుంటూ గ్లాసు నిండా పట్టుకుని గురువు దగ్గరికి తీసుకెళ్లాడు.

"చూడండి గురువుగారూ, మీ డబ్బా కాచిన బీరు."

లాంబర్ట్ గారు ఒక గుక్క తాగారు. ఉమ్మేస్తారనుకున్నాడు జోరిస్. ఆయన ఉమ్మలేదు. కళ్లు మూసుకుని నోట్లోనే కాసేపు ఉంచుకుని మింగారు. ఇంకో గుక్క. మళ్లీ ఇంకోటి.

జోరిస్ చూడలేకపోయాడు. "మాడిపోయింది గురువుగారూ, పారబోసేయండి."

"ఉండు" అని ఆయన తాగుతూనే ఉన్నారు. అడుగున మిగిలిన చుక్క కూడా వంచుకుని తాగారు.

"అంత ఓపిగ్గా ఏం చూస్తున్నారు?"

"డ్రమ్ము తప్పేదైనా నాలిక్కి తగులుతుందేమోనని చూశాను" అన్నారు లాంబర్ట్ గారు. "గ్లాసు ఖాళీ అయింది. మొదటి గుక్క నుంచీ నువ్వే తగులుతున్నావు."

జోరిస్‌కి తల కొట్టేసినట్టయింది. బీరు పాడైనందుకు కాదు. పాడైందని సంతోషపడ్డందుకు. తను ప్రాణం పెట్టుకున్న గదికి తనే తాళం వేయబోయాడు. ఖాళీ గ్లాసు అందుకుని వెళ్లి, కడిగి బోర్లించాడు.

పండక్కి ఇంకొక్క వాయికే వ్యవధి ఉంది. మర్నాడు పొద్దున ప్రార్థన కాగానే జోరిస్ అటక మీంచి పాత తెడ్డు దింపాడు. కాగుకి సరిపోయే తెడ్డు అది, డ్రమ్ముకి పొడుగు. కాడని మోచేతి ఎత్తుకి కోసి, గరుకు పోయేదాకా నున్నగా రుద్దాడు. నీళ్లు వేడెక్కాక బార్లీని దోసిళ్లతో కొంచెం కొంచెంగా వదులుతూ కలపసాగాడు. పంపు జోలికి ఇంకా పోలేదు. పెదవులు మెల్లగా కదులుతున్నాయి.

లాంబర్ట్ గారు అటుగా వెళ్తూ కిటికీ దగ్గర ఆగారు. కాసేపు విన్నారు. నడుముకున్న గది తాళంచెవి విప్పి, లోపలికి చెయ్యి చాచి కిటికీ గట్టు మీద పెట్టారు.

జోరిస్ చూశాడు. తెడ్డు ఆపలేదు.

"కాస్త గట్టిగా చదువు నాయనా" అన్నారు లాంబర్ట్ గారు. "ఆ డ్రమ్ము మఠంలో కొత్తగా చేరింది. దానికింకా కంఠతా రాదు."