దానమ్మ వెలిగించిన పొయ్యి

నియమం తప్పినవాణ్ని మఠంలో ఉంచుకోవచ్చా అని శేషయ్య గురువుగారిని అడిగాడు. అతని తోటి శిష్యుడు వీరన్న ఏకాదశినాడు వంటశాల వెనక కూర్చుని చద్దన్నం తింటూ కంటబడ్డాడు. పదేళ్లుగా ఒక్క ఉపవాసమూ తప్పనివాడు కనుక శేషయ్య గొంతులో కోపం ఉంది. గురువు నరసింహదాసుగారు కూడా నియమాన్ని తేలిగ్గా తీసుకునే మనిషి కారు. ఎంత చలిలోనైనా తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం మానేవారు కారు. అయినా ఆ ప్రశ్నకు అవుననలేదు, కాదనలేదు. తాను పుట్టిన పల్లెలో వెనకటికి జరిగిన సంగతి ఒకటి చెప్పారు.

ఆ పల్లె పేరు మొగదిబ్బ. ఏరు వెళ్లి సముద్రంలో కలిసేచోట ఇసుకదిబ్బ మీద ముప్పై గుడిసెలు. అక్కడొక గట్టి కట్టుబాటు ఉండేది. వేటకు వెళ్లిన తెప్ప పొద్దుగూకేలోగా తిరిగి రాకపోతే, దాని సంగతి తేలేదాకా ఊళ్లో ఏ ఇంటా పొయ్యి వెలిగించేవారు కారు. నీళ్ల మీద ఉన్నవాళ్లు పస్తుంటే నేల మీద ఉన్నవాళ్లు వండుకు తినకూడదని పెద్దలు పెట్టిన మాట అది. పిల్లలకు కొబ్బరిముక్క, బెల్లంముక్క చేతిలో పెట్టేవారు. పెద్దవాళ్లు మంచినీళ్లు తాగి ఒడ్డున కూర్చునేవారు. ఒకరి కష్టానికి ముప్పై ఇళ్లూ కడుపు మాడ్చుకోవడం చిన్న సంగతి కాదు.

ఒక పుష్యమాసంలో నాలుగు తెప్పలు వేటకు వెళ్లాయి. మధ్యాహ్నానికి సముద్రం మీద మంచు దిగింది. మూడు తెప్పలు ఎలాగో ఒడ్డు చేరాయి. నాలుగోది రాలేదు. దాని మీద ఉన్నది ఇద్దరు. దానమ్మ భర్త కొర్లయ్య, కులపెద్ద ఓలేసు కొడుకు అసిరి. ఒడ్డున డప్పులు కొట్టారు. అలల హోరులో, ఆ మంచులో, చప్పుడు ఎటునుంచి వస్తోందో పక్కనున్నవాడికే తెలియలేదు. రెండు రోజులు గడిచాయి. మంచు కాస్త పలచబడేది, మళ్లీ మూసుకునేది.

మూడోనాటి ఉదయం దానమ్మ తన అత్త గురమ్మ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి ఉంది గాని అది ఉన్నట్టు లేదు. ముసలామె జ్వరంతో పడి పది రోజులైంది. కొబ్బరి నమలలేదు. నీళ్లు తాగిస్తే పెదవుల పక్కనుంచి కారిపోతున్నాయి. రెండు రోజులుగా గంజి లేదు. దానమ్మ గుమ్మం దాకా వెళ్లి వచ్చింది, మళ్లీ వెళ్లి వచ్చింది. కట్టుబాటు మీద ఆమెకు ఊళ్లో అందరికంటే ఎక్కువ నమ్మకం. పొయ్యి వెలిగిస్తే తన చేత్తో తానే భర్తను ముంచినట్టు అనిపించింది. వెలిగించకపోతే ఏమవుతుందో ఎదురుగా చాప మీద కనబడుతూనే ఉంది. చివరికి అత్త చలికాచుకునే కుంపటిలో బూడిద కదిపి, మిగిలిన నిప్పు తీసి పొయ్యిలో వేసింది. గంజి పెట్టింది. కాల్చిన ఎండుచేప నాలిక మీద పెడితే గాని ముసలామె గంజి మింగదు. అందుకని ఒక చేపను కూడా నిప్పుల మీద వేసింది.

పొగ చూసి ముందు ఆడవాళ్లు వచ్చారు. మొగుడు సంద్రంలో ఉంటే దీని నోరు చేప మీదికి పోయిందని ఒకామె అంది. తాళి బరువైపోయిందేమో అని మరొకామె అంది. వాళ్ల వెనక ఓలేసు వచ్చాడు. రెండు రోజుల పస్తుతో అతని కళ్లు గుంటలు పడ్డాయి. గుమ్మం బయటే నిలబడి, పొయ్యి ఆర్పమన్నాడు. దానమ్మ రెండు చేతులూ గుమ్మానికి అడ్డంగా పెట్టి నిలబడింది.

"ఆయన తిరిగొచ్చి, మాయమ్మేదని అడిగితే నానేటి సెప్పాల మావా?"

ఓలేసు ఆడవాళ్ల వైపు తిరిగాడు. ఇవాళ్టినుంచి ఈ ఇంటికి ఎవరూ నీళ్లూ నిప్పూ ఇవ్వకూడదని చెప్పాడు. మాటా మాటా పెరిగింది. ఈ గొడవలో నిప్పుల మీది చేపను అందరూ మరిచిపోయారు. అది కాలి, నల్లబడి, మాడి బొగ్గయింది. ఆ కంపుకు ఆడవాళ్లు కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. నేలగాలి దాన్ని మోసుకుంటూ సముద్రం మీదికి పోయింది.

అక్కడ తెప్ప మీద ఇద్దరూ తెడ్లు పడేసి కూర్చున్నారు. గాలి తగులుతోంది గాని, అది నేలనుంచి వచ్చేదో నడిసముద్రంనుంచి వచ్చేదో తెలియడం లేదు. గాలి పోయే వైపే ఒడ్డు ఉందనుకుని అసిరి అటు పోదామంటున్నాడు. అటు పోయి ఉంటే మళ్లీ కనబడేవారు కారు. అప్పుడు కొర్లయ్య తల ఎత్తాడు.

"ఒరే అసిరీ, ఎవలింటోనో సేప మాడిపోతంది."

ఆకలికి మతి పోయిందిరా నీకు అని అసిరి వెక్కిరించాడు. మరుక్షణం అతనికీ వాసన తగిలింది. ఇద్దరూ తెప్పను గాలికి ఎదురు తిప్పి తెడ్లు అందుకున్నారు.

పొద్దు బారెడెక్కేసరికి ఒడ్డున కేకలు పుట్టాయి. అందరూ పరుగెత్తారు. దానమ్మ వెళ్లలేదు. అత్త తల ఒళ్లో పెట్టుకుని గంజి పోస్తోంది. అంత మాడ్చిందెవలే అని అడుగుతూ వస్తున్న భర్త గొంతు బయట వినబడి ఆమె చెయ్యి ఆగిపోయింది. ముసలామె మాత్రం తరవాతి గుక్క కోసం నోరు తెరిచింది.

తెప్ప వచ్చింది కనుక ఇక వండుకోవచ్చు. అగ్గిపెట్టెలు లేని కాలం. ఊరు మొత్తం మీద నిప్పున్న పొయ్యి ఒక్కటే. కొబ్బరిపీచు పట్టుకుని ముందుగా వచ్చింది ఓలేసు భార్యే. ఆమె వెనక మిగతావాళ్లు. దానమ్మ ఎవరినీ ఏమీ అనకుండా తలా ఒక నిప్పు తీసి ఇచ్చింది. అందరూ వెళ్లాక ఓలేసు వచ్చాడు. వంగి లోపలికి అడుగుపెట్టి, అప్పుడు చూశాడు చాప మీది మనిషిని. చాలాసేపు ఆ ముసలామె కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

ఆ తరవాత ఆ కట్టుబాటు తీసేశారా అని శేషయ్య అడిగాడు.

"ఎందుకు తీసేస్తారు? ఇప్పటికీ ఉంది," అన్నారు నరసింహదాసుగారు. "కాకపోతే పొయ్యి ఆర్పించడానికి వెళ్లేవాడు ఇప్పుడు గుమ్మం బయట నిలబడి మాట్లాడడు. ముందు లోపలికి వెళ్లి చూస్తాడు."