నాంచారమ్మ పాతిపెట్టిన దోసకాయలు

అనగనగా ఒక ఏరు, ఏటి నడుమ ఒక లంక. లంకంతా ఇసకే. ఆ ఇసకలో దోస, పుచ్చ, గుమ్మడి, పాదు పక్కన పాదు అల్లుకుని ఉండేవి. పడవల నిండా కాయలు రాజుగారి పట్నానికి వెళ్ళేవి. ఊ కొట్టండర్రా, గోడకి చెప్తున్నట్టుంది నాకు.

ఆ పాదులు నాంచారమ్మవి. మొగుడు పోయాడు. కొడుకు పడవ మీద కాయలు తీసుకెళ్ళి అమ్ముకొస్తాడు, చేను చూసుకునేది ఆవిడే. పాపం, ఆవిడకి వయసులో ఉండగా ఒక ఆడపిల్ల పుట్టి, ఆరు నెలలకే జ్వరమొచ్చి పోయింది. పసిపిల్లల్ని కాల్చరు కదా, పాతిపెడతారు. లంక చివర రెల్లు పొదల పక్కన మొగుడే తీసుకెళ్ళి పాతిపెట్టి వచ్చాడు. ఆడవాళ్ళు రాకూడదని ఆవిడని గుమ్మం దాటనివ్వలేదు. తడిమట్టి అంటిన పార ఇంటికి రావడం మాత్రం చూసింది. ఏడవకు, మళ్ళీ పుడుతుందిలే అన్నారు చుట్టుపక్కల వాళ్ళు. ఆవిడ ఏడవలేదు. రోజూ పొద్దున్నే ఆ రెల్లు పొదల దాకా వెళ్ళి కాసేపు నిలబడి వచ్చేది, అంతే.

ఇట్లా ఉండగా ఆ లంకకి పీడ పట్టింది. పైకి నవనవలాడే కాయ, కోస్తే లోపలంతా పురుగులు. రాజుగారి పళ్ళెంలోనే కోశారట అలాంటి పుచ్చకాయని. ఆయన మండిపడి, చేనంతా చల్లమని విషప్పొడి మూటలు పంపించాడు. చల్లారు. పొద్దున్నే, సరిగ్గా పువ్వు విచ్చుకునే వేళ చల్లారు. ఏమైంది? కాయని గుచ్చి గుడ్డు పెట్టే ఈగ పగలంతా గట్టు మీది జొన్నల్లో నీడన కూర్చుంటుంది. దాని పురుగేమో కాయ కడుపులో ఉంటుంది. పొడి ఎక్కడ తగులుతుంది వాటికి? చచ్చినవి తేనెటీగలు. తేనెటీగ వాలని పువ్వు పిందె కట్టదర్రా, వాడి రాలిపోతుంది. ఆ ఏడు కుళ్ళిన కాయకి కూడా దిక్కు లేకుండా పోయింది.

రాజుగారు కబురు పెట్టాడు, వచ్చే పంట కూడా ఇంతే అయితే లంక ఖాళీ చేసి పొండి, ఇంకొకరికి ఇచ్చుకుంటానని. పోదాంలే అమ్మా, ఎక్కడైనా బతకొచ్చు అన్నాడు కొడుకు. మరి నాంచారమ్మో? పిల్లని ఇక్కడ వదిలేసి ఎక్కడికి పోతుంది?

అప్పుడే కోడలు కాపురానికొచ్చింది. సీతాలని పేరు. మాట తక్కువ, చూపు ఎక్కువ. నేనూ అట్లాంటి దాన్నే, మీ తాత ఒప్పుకోడు గానీ. ఆ పిల్ల పొద్దున్నే లేచి ఆకులు తిరగేసి చూసేది. ఎర్ర పెంకు పురుగులు కనిపిస్తే, మంచు ఆరకముందే లేత ఆకుల మీద బూడిద చల్లేది, పువ్వు మీద పడకుండా. సాలీడు ఉంటే మాత్రం దాని జోలికి పోయేది కాదు, మన కాపలా అదే కాస్తోంది కదా అనేది. జొన్న గట్టు పొడుగునా మూకుళ్ళు పెట్టి, బెల్లం నీళ్ళల్లో మాగిన అరటిపండు పిసికి పోసింది. ఈగలు అందులో పడి చచ్చేవి. ఎన్ని చచ్చినా మర్నాటికి మళ్ళీ అన్నే ఉండేవి. నిద్రపోతున్నావా చిట్టీ? లేదా, సరే.

ఎక్కడి నుంచి వస్తున్నాయంటే, నాంచారమ్మ ఏరేసిన కుళ్ళు కాయల్ని చేను పక్కనే కుప్ప పోసి ఆకులు కప్పేది. ఎవరు చెప్పినా పాతిపెట్టేది కాదు. సీతాలు అందులోంచి ఒక కాయ తీసి, ఇసక పోసిన కుండలో పెట్టి, గుడ్డతో వాసెన కట్టి ఉంచింది. కొన్నాళ్ళకి గుడ్డ కింద ఒకటే ఈగల రొద. అత్తని పిలిచి చూపించింది. ఈగ కాయని గుచ్చి గుడ్డు పెట్టింది, గుడ్డు పురుగైంది, పురుగు కాయని తిన్నది, కాయ కుళ్ళింది, పురుగు ఇసకలో దూరింది, ఇసకలోంచి ఈగై లేచింది, లేచిన ఈగ ఇంకో కాయని గుచ్చింది. లోతుగా పాతేస్తే పైకి రాలేవు అత్తా, అని చెప్పింది.

నాంచారమ్మ ఒంటికాలి మీద లేచింది. నేను పాతను, నిన్ను పాతనివ్వను, నోరు మూసుకుని నీ పని చూసుకో అంది.

సీతాలు అలిగి కూర్చోలేదు. మర్నాడు పొద్దున్నే అత్త వెనకాలే రెల్లు పొదల దాకా వెళ్ళి, ఆవిడ పక్కన నిలబడింది.

"ఇక్కడ ఎవరున్నారత్తా?" అని అడిగింది.

అన్నేళ్ళలో ఆ మాట అడిగినవాళ్ళు లేరర్రా. నాంచారమ్మ చెప్పింది. పిల్ల పేరు మణి అని చెప్పింది, పార సంగతి చెప్పింది. లేత కాయల్ని గోతిలో వెయ్యాలంటే నా చేతులు రావడం లేదే అంది. సీతాలుకి ఏడుపాగలేదు. పోనీ నేనే పాతుతాను, నువ్వు ఇంట్లో ఉండత్తా అంది.

నాంచారమ్మ తల అడ్డంగా ఊపింది. "ఆ రోజు కూడా నన్ను ఇంట్లోనే ఉంచారు. పార ఇలా తే."

నడుం లోతు గొయ్యి ఆవిడే తవ్వింది. కాయల్ని విసరలేదు, ఒక్కొక్కటీ రెండు చేతులా పట్టుకుని వంగి పెట్టింది. మట్టి పోసి గట్టిగా అదిమింది. అప్పుడు గట్టు మీద కూలబడి, బిడ్డ పోయిన నాడు ఏడవాల్సిన ఏడుపంతా ఏడ్చింది. సీతాలు ఊరుకోమని అనలేదు, పక్కనే కూర్చుంది.

అక్కణ్ణించి గుచ్చిన కాయ కనిపిస్తే ఆ పూటే ఏరి లోతుగా పాతేవారు. ఈగ పలచబడింది. తేనెటీగలు తిరిగొచ్చాయి. పిందె నిలిచింది, కాయ ఊరింది, పడవలు మళ్ళీ నిండాయి. రాజుగారు కాయ కోసి చూసి, తిని, ఆ లంక మీదీ, మీ పిల్లల పిల్లలదీ అని మాటిచ్చాడు. ఎన్నాళ్ళకో నాంచారమ్మ ఆ రోజు కడుపునిండా అన్నం తిన్నది.

చేలో పురుగు పడితే అది ఎక్కడ పుడుతోందో చూడాలి గానీ, కనపడిన చోటల్లా విషం చల్లకూడదర్రా. పెద్దవాళ్ళు ఊరికే కోప్పడితే ఎందుకో అడగండి, పక్కన కూర్చుని అడగండి. కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లోకి దూరదాం.