మూడు గుక్కల ప్రమాణం

చిట్టేరు పారే రాజ్యంలో ఎవరైనా పదిమందిలో మాటిస్తే, మూడు గుక్కల నీళ్లు తాగి ప్రమాణం చెయ్యాలి. మంత్రి విరూపాక్షయ్యకు ఏటి పాలన కూడా తన చేతికే రావాలని ఆశ. దానికి ఒడ్డున బతికే జనం ఒప్పుకోవాలి. అందుకని రేవులో పందిరి వేయించి, అడవినీ ఏటినీ కాపాడతానంటూ పన్నెండు వాగ్దానాలు గొంతెత్తి చదివాడు. చివర్న నౌకరు వెండిచెంబుతో కొండ ఊటనీళ్లు అందించాడు.

చేపలు పట్టుకుని బతికే నూకాలు లేచింది. ఎగువన మంత్రిగారు బట్టలకు రంగులద్దే తొట్లు పెట్టించాక ఆమె వల ఖాళీగానే వస్తోంది.

"బాబయ్యా, మాటిచ్చింది మా ఏటికి కదా! ప్రమాణం కొండనీళ్లతో ఎందుకు?" అంటూ రేవులో ముంచిన ముంత చేతికిచ్చింది.

నీళ్లు నీలంగా ఉన్నాయి. ముంత మంత్రి నోటిదాకా వెళ్లి ఆగిపోయింది.

"అమ్మో, ఇవి తాగితే జబ్బు చేస్తుంది!" అనేశాడు.

ఎవరూ నవ్వలేదు. పొద్దున వాళ్ల పిల్లలు తాగింది ఆ నీళ్లే.

నూకాలు ముంత వెనక్కి తీసుకుంది. "పన్నెండు మాటలు మాకు గుర్తుండవు బాబయ్యా. ఈ ముంత మీరు ఖాళీ చేసిన రోజున ఒక్క ముక్క కూడా చదవక్కర్లేదు. ఏటి పాలన తీసుకుందురుగాని."